ఇంకో కైరల్ డోపెంట్ కలిపితే రంగు పెరగాల్సింది పోయి మాయమైంది – ద్రవ స్ఫటికాలు తెలిసినవాళ్లు చెప్పండి

రంగుపోయిన_స్లైడు · సోమవారం, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది. ప్రాజెక్టు కొలెస్టెరిక్ ద్రవ స్ఫటికాల మీద (అణువులు వరస వరసకూ కాస్త మెలి తిరుగుతూ పేర్చుకునే రకం, ఆ మెలికే రంగునిస్తుంది).

శుక్రవారం దాకా అంతా బాగానే ఉంది. ఈ7 అనే నెమాటిక్ (అణువులు ఒకే దిశకు నిలిచే, మెలిక లేని) మిశ్రమంలో ఎస్811 అనే కైరల్ డోపెంట్‌ను (అద్దంలో బొమ్మతో సరిపోలని అణువులున్న, మెలిక పుట్టించే పదార్థం) బరువులో 25 శాతం కలిపాను. ఒక చుక్క రెండు గాజు పలకల మధ్య వేసి, పై పలకను వేలితో నొక్కి కొంచెం జరిపితే చక్కటి పసుపు రంగు వచ్చింది. మా సార్‌కు మాత్రం నీలం కలిసిన ఆకుపచ్చ కావాలట, అంటే 500 నానోమీటర్ల దగ్గర. ఇంకాస్త డోపెంట్ వేద్దామంటే ఎస్811 సీసాలో అడుగున అంటుకున్నదే మిగిలింది.

బీరువాలో సీబీ15 ఉంది. అదీ కైరలే. పైగా రెండు లేబుళ్ల మీదా '(ఎస్)' అని రాసి ఉంది. రెండూ ఒకే వైపు తిప్పుతాయిలే అనుకొని, ఉన్న మిశ్రమం 100 పాళ్లకు సీబీ15 10 పాళ్లు కలిపాను. రంగు ఆకుపచ్చకు రాలేదు సరికదా, పసుపు కూడా పోయింది. కనీసం ఎరుపు కూడా లేదు. పలక అవతల నా వేలు కనిపిస్తోంది.

కరిగి మామూలు ద్రవమైపోయిందేమో అని అడ్డంగా పెట్టిన రెండు పోలరైజర్ల మధ్య చూశాను. వెలుగు వస్తూనే ఉంది, అంటే ఇంకా ద్రవ స్ఫటికమే. సార్ ఊళ్లో లేరు, గురువారం రివ్యూ. టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు చేశాను?

సందేహాల_సంచి · సోమవారం, రాత్రి 10:55

సీసా మీద ఎక్స్‌పైరీ డేట్ చూశారా? (నాకు తెలిసిన కెమిస్ట్రీ అంతవరకే.)

పాత_పోలరైజర్ · సోమవారం, రాత్రి 11:31

సీసా తప్పు కాదమ్మా. రెండు డోపెంట్లూ వాటి పని అవి చేశాయి, ఒకదానికొకటి ఎదురుగా. ఎస్811 ఎడమకు మెలిపెడుతుంది, సీబీ15 కుడికి. లేబుల్ మీద ఎస్ అంటే అణువులో కైరల్ కార్బన్ అనే ఒక్క కార్బన్ చుట్టూ నాలుగు గుంపులు ఏ వరసలో ఉన్నాయో చెప్పే గుర్తు. ద్రవం మొత్తం ఏ వైపు మెలి తిరుగుతుందో అది చెప్పదు.

లెక్క వేద్దాం. ఒక డోపెంట్‌కు ఎంత మెలిపెట్టే శక్తి ఉందో చెప్పే సంఖ్యను హెలికల్ ట్విస్టింగ్ పవర్ అంటాం. ఈ7 లాంటి ద్రవంలో ఎస్811కు అది ఎడమకు సుమారు 11, సీబీ15కు కుడికి సుమారు 7. ప్రమాణం: మైక్రాన్‌కు ఇన్ని చుట్లు, డోపెంట్ వంద శాతం అయితే.

మీ మొదటి మిశ్రమం: 11 × 0.25 = 2.75. దాన్ని తిరగేస్తే పిచ్ 0.36 మైక్రాన్, అంటే అణువులు ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే దూరం. పిచ్‌ను సగటు వక్రీభవన గుణకం 1.6తో గుణిస్తే 580 నానోమీటర్లు. మీ పసుపు అదే.

రెండోది: 110 పాళ్లలో ఎస్811 వాటా 22.7 శాతానికి తగ్గింది, అంటే ఎడమకు 2.5. సీబీ15 వాటా 9.1 శాతం, కుడికి 0.64. తీసివేస్తే ఎడమకు 1.86. పిచ్ 0.54 మైక్రాన్, ప్రతిఫలించే రంగు 860 నానోమీటర్లు. అది పరారుణం. రంగు ఎక్కడికీ పోలేదు, మీ కంటికి అందని చోటికి జరిగింది. ఎడమ మెలిక ఇంకా ఉంది, వదులైందంతే. సీబీ15 అలాగే పెంచుకుంటూ పోతే ఒకచోట మెలిక సున్నా అయ్యి వట్టి నెమాటిక్ మిగులుతుంది. ఆపైన కుడికి తిరగడం మొదలవుతుంది.

పురికొస · సోమవారం, రాత్రి 11:44

ఇది మా ఇంట్లో విషయమే! మాది నేత కుటుంబం, నేనొక్కడినే సాఫ్ట్‌వేర్‌లో పడ్డాను. నూలుకు కుడి పురి, ఎడమ పురి అని రెండుంటాయి. కుడి పురి పెట్టిన పోగును ఎడమకు తిప్పితే ముందు పురి విచ్చుకుంటుంది, ఒకచోట దూదిలా వదులైపోతుంది, ఇంకా తిప్పితే అవతలి వైపు పురి ఎక్కుతుంది. మీరు చెప్పిన లెక్క అచ్చం అదే.

ఒక సందేహం. స్లైడును తిరగేసి కింది నుంచి చూస్తే ఎడమ కాస్తా కుడి అవుతుందా?

పాత_పోలరైజర్ · సోమవారం, రాత్రి 11:52

మీ పురికొసను తలకిందులు చేసి చూడండి, పురి మారుతుందా? మారదు. ఇదీ అంతే. అద్దంలో చూస్తేనే మారుతుంది.

పురి అన్న మాట బాగుంది. ఈ చర్చలో ఇకపై అదీ వాడదాం.

జీడిమెట్ల_కెమిస్ట్ · మంగళవారం, ఉదయం 6:20

నేను బల్క్ డ్రగ్స్‌లో ఆర్గానిక్ కెమిస్ట్‌ని. ఆర్ (ఎస్‌కు అద్దంలో బొమ్మ), ఎస్ తేడాతో మందు విషమైపోవడం మాకు రోజూ చూసే భాగోతమే. ఒక మాట. డోపెంట్‌ను ద్రావణంలో కరిగించి పోలారిమీటర్‌లో పెడితే కాంతి ధ్రువణ తలాన్ని ఎటు తిప్పుతుందో తెలుస్తుంది కదా? స్పెసిఫిక్ రొటేషన్, అంటే అలా తిప్పే మోతాదు, ఎక్కువ ఉన్నదే ద్రవ స్ఫటికంలోనూ గట్టిగా మెలిపెడుతుంది అనుకోవచ్చా? అంత సులువైన పరీక్ష ఉండగా చెల్లి ఇంత కష్టపడటం ఎందుకు?

పాత_పోలరైజర్ · మంగళవారం, ఉదయం 7:05

అనుకోకూడదు సార్. అలా అనుకొని బోల్తా పడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. పోలారిమీటర్‌లో అణువులు ఎటుపడితే అటు దొర్లుతుంటాయి. అక్కడ మనం కొలిచేది అణువులోని ఎలక్ట్రాన్లు కాంతితో ఎలా వ్యవహరిస్తాయో. మెలిపెట్టే శక్తి వేరే కథ. వరసగా నిలబడ్డ పొరుగు అణువును ఈ అణువు భుజంతో ఎటు నెడుతుందో అది. రెండింటికీ గుర్తు కూడా కలవాల్సిన పని లేదు.

ఎంత నెడుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పిచ్ 360 నానోమీటర్లు అనుకోండి. పక్కపక్క అణువుల మధ్య దూరం సుమారు అర నానోమీటరు. అంటే ఒక పూర్తి చుట్టుకు 720 వరసలు. వరసకు అర డిగ్రీ! వేడికి ఆ అణువులు ఎలాగూ పదుల డిగ్రీల మేర ఊగుతూనే ఉంటాయి. అంత ఊగులాటలో సగటున అర డిగ్రీ వంపు ఎటు మిగులుతుందన్నదే మొత్తం రంగును నిర్ణయిస్తుంది. అందుకే అణువులో ఒక మిథైల్ గుంపు అటు నుంచి ఇటు జరిగినా మెలిక దిశే మారిపోగలదు. అందుకే కాగితం మీద నిర్మాణం గీసి పిచ్ ఎంతో ముందే చెప్పడం ఇప్పటికీ కష్టం.

ఇంటర్_ఫిజిక్స్_సార్ · మంగళవారం, ఉదయం 9:40

పిల్లలకు నేను రెండు మరమేకులు చూపిస్తాను. రెండూ కుడి మరవే తీసుకొని పక్కపక్కన ఆనించి నొక్కితే, ఒకదాని గాడిలో ఇంకోదాని అంచు కూర్చోవాలంటే రెండూ నిటారుగా ఉండలేవు, కొంచెం ఏటవాలుగా సర్దుకుంటాయి. కైరల్ అణువులూ అలాగే. అయితే ఇక్కడే ఒక తిరకాసు ఉంది: గాడి ఎంత లోతు, ఎంత నిలువు అన్నదాన్ని బట్టి కుడి మరల గుంపు కుడికే తిరగాలని లేదు, ఎడమకూ తిరగవచ్చు. డీఎన్ఏ మన కంటి ముందున్న ఉదాహరణ. దాని హెలిక్స్ కుడిది. చిక్కటి ద్రావణంలో డీఎన్ఏ కొలెస్టెరిక్ దశలోకి వెళ్తే ఆ పెద్ద పురి ఎడమది.

రంగుపోయిన_స్లైడు · మంగళవారం, ఉదయం 10:15

పోలరైజర్ సార్, లెక్క చూశాక రాత్రి నిద్ర పట్టింది. చాలా థ్యాంక్స్. కానీ రెండూ ఎస్ అయినప్పుడు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి ఎందుకు? రివ్యూలో ఇదే అడుగుతారు.

పాత_పోలరైజర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:10

దీనికి ఒక పాత చిట్కా ఉంది. 1977లో జార్జ్ గ్రే, మెక్‌డోనెల్ ఇచ్చిన నియమం. ఈ గ్రే ఎవరో కాదు, 1973లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో సైనోబైఫినైల్స్ తయారు చేసి ఎల్‌సీడీ పరిశ్రమకు ప్రాణం పోసినాయన. మీ ఈ7లో సగం ఆయన 5సీబీ అనే సైనోబైఫినైలే.

నియమం ఇది. అణువులో బెంజీన్ వలయాలున్న గట్టి భాగం ఉంటుంది, దానికి మెత్తటి తోక ఉంటుంది. గట్టి భాగం దాటాక తోకలో ఒకటి, రెండు అని పరమాణువులు లెక్కపెట్టుకుంటూ కైరల్ కార్బన్ దాకా వెళ్లండి, దాన్నీ కలిపి. ఆ లెక్క బేసా, సరా చూడండి.

ఎస్, బేసి అయితే ఎడమ. ఎస్, సరి అయితే కుడి. ఆర్ అయితే సరిగ్గా తలకిందులు: బేసికి కుడి, సరికి ఎడమ.

ఇప్పుడు మీ రెండు సీసాలు తీయండి. సీబీ15 తోక 2-మిథైల్‌బ్యూటైల్. వలయం దాటాక మొదట సీహెచ్2, రెండోది కైరల్ కార్బన్. సరి. ఎస్. కాబట్టి కుడి. ఎస్811 తోక 2-ఆక్టైల్ ఎస్టర్. వలయం దాటాక కార్బొనైల్ కార్బన్ ఒకటి, ఆక్సిజన్ రెండు, కైరల్ కార్బన్ మూడు. బేసి. ఎస్. కాబట్టి ఎడమ.

కారణం తోక వంపుల్లో ఉంది. కర్బన గొలుసు అటొకటి ఇటొకటిగా వంకర టింకరగా సాగుతుంది. ఒక్క అడుగు ముందుకు జరిగితే పక్కకు పొడుచుకొచ్చిన మిథైల్ గుంపు అణువుకు అవతలి పక్కకు వెళ్లిపోతుంది. పొరుగువాణ్ణి ఎడమ భుజంతో నెట్టేది కాస్తా కుడి భుజంతో నెడుతుంది.

ఈ నియమాన్ని గుడ్డిగా నమ్మకండి. మిథైల్ లాంటి గుంపు ఉన్నప్పుడు బాగా పని చేస్తుంది. దాని స్థానంలో క్లోరిన్, ఫ్లోరిన్, సైనో లాంటి ఎలక్ట్రాన్లను లాక్కునే గుంపు ఉంటే దిశ తిరగబడుతుంది. కైరల్ భాగం తోకలో కాక నడిమధ్యలో ఉన్న అణువులకు ఈ నియమమే వర్తించదు.

జీడిమెట్ల_కెమిస్ట్ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఇది నచ్చింది. సీబీ15 నిర్మాణం ఇప్పుడే కాగితం మీద గీశాను. 5సీబీతో పోలిస్తే పరమాణువుల సంఖ్య ఒక్కటి కూడా తేడా లేదు! రెండింటిలోనూ 18 కార్బన్లు, 19 హైడ్రోజన్లు, ఒక నైట్రోజన్. 5సీబీలో తోక నిటారుగా అయిదు కార్బన్లు. సీబీ15లో నాలుగు కార్బన్ల గొలుసుకు పక్కన ఒక కొమ్మ. అంతేనా తేడా?

పాత_పోలరైజర్ · మంగళవారం, మధ్యాహ్నం 2:30

అంతే. ఆ ఒక్క కొమ్మకు చెల్లించే మూల్యం చూడండి. 5సీబీ సుమారు 24 నుంచి 35 డిగ్రీల దాకా నెమాటిక్. సీబీ15 గది ఉష్ణోగ్రత దగ్గర వట్టి ద్రవం, అణువుల్లో ఏ వరసా ఉండదు. కొమ్మ వచ్చి కైరాలిటీ ఇచ్చింది, పొరుగు అణువులు ఒత్తుగా పేర్చుకోవడానికి అడ్డుపడి ద్రవ స్ఫటిక గుణాన్నే తీసేసింది. అందుకే దాన్ని విడిగా వాడరు, ఇంకో నెమాటిక్‌లో కలుపుతారు.

ఈ రంగంలో పనిచేసేవాళ్ల బతుకంతా ఈ బేరమే. కైరల్ కేంద్రాన్ని గట్టి భాగానికి దగ్గరగా తెస్తే మెలిపెట్టే శక్తి పెరుగుతుంది, ఎందుకంటే దగ్గరున్న కొమ్మ స్వేచ్ఛగా గిరగిరా తిరగలేదు. కానీ దగ్గరికి తెచ్చేకొద్దీ ద్రవ స్ఫటిక దశ నిలిచే ఉష్ణోగ్రతల పరిధి కుంచించుకుపోతుంది. తోక చివరికి తోసేస్తే దశ బాగా నిలుస్తుంది, మెలిక మాత్రం పేలవంగా ఉంటుంది.

5సీబీ 35 దాకానే నెమాటిక్ అన్నాను కదా. చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఏసీ ఉండేది కాదు. మే నెలలో మధ్యాహ్నం పన్నెండు దాటితే స్లైడు బల్ల మీదే నీళ్లలా తేటబడేది. సాయంత్రం దాకా కాలేజీ చెట్టు కింద కూర్చునేవాళ్లం. మనలాంటి ఎండల్లో ఈ7 వాడటం తెలివైన పని. అది 60 డిగ్రీల దాకా నిలుస్తుంది.

సందేహాల_సంచి · మంగళవారం, సాయంత్రం 5:18

కొలెస్టెరిక్ అనే పేరే కొలెస్టరాల్ నుంచి వచ్చింది కదా. కొలెస్టరాల్ అణువులో ఒకటి కాదు, ఎనిమిది కైరల్ కార్బన్లు ఉన్నాయని చదివాను. ఒక్క కార్బన్ ఉన్న ఎస్811 ఇంత మెలిపెడితే, ఎనిమిది ఉన్నది చిత్తుగా మెలిపెట్టాలి కదా? మరి దాన్నే ఎందుకు వాడరు?

పాత_పోలరైజర్ · మంగళవారం, రాత్రి 9:25

సంచీలోంచి అసలు ప్రశ్న బయటికొచ్చింది.

మొదట చూసింది దాన్నే. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టెరైల్ బెంజోయేట్‌ను వేడి చేశాడు. 145.5 డిగ్రీల దగ్గర కరిగి మబ్బుగా అయ్యింది, 178.5 దగ్గర తేటబడింది. ఒకే పదార్థానికి రెండు ద్రవీభవన స్థానాలున్నట్టు కనిపించింది. చల్లారేటప్పుడు నీలి, ఊదా రంగులు మెరిసి మాయమయ్యాయి. తనకు అంతు చిక్కక ఓట్టో లేమాన్ అనే భౌతికశాస్త్రవేత్తకు ఉత్తరం రాశాడు. ద్రవ స్ఫటికం అన్న ఊహ అక్కణ్ణుంచే మొదలైంది.

ఇక ఎనిమిది కేంద్రాల సంగతి. కొలెస్టెరైల్ ఎస్టర్లను ఏ నెమాటిక్‌లోనూ కలపకుండా, అంటే నూటికి నూరు శాతం అవే ఉన్నప్పుడు, వాటి రంగు కంటికి కనిపించే పరిధిలో ఉంటుంది. పిచ్ మూడు నాలుగు వందల నానోమీటర్లు. లెక్కేస్తే శక్తి సుమారు మూడు చుట్లే! ఒకే ఒక్క కేంద్రం ఉన్న ఎస్811 అదే పని పాతిక శాతంతో చేసింది. కొలెస్టరాల్ అణువులో ఎనిమిది కేంద్రాలూ ఒకే వైపు తోయవు. కొన్ని అటు, కొన్ని ఇటు. ఎనిమిది మంది తాడు లాగుతుంటే ముగ్గురు అవతలి జట్టులో ఉన్నట్టు. మిగిలేది తేడా మాత్రమే.

ఆ తేడా ఎంత సున్నితమో చూడండి. మామూలు కొలెస్టెరైల్ ఎస్టర్లు ఎడమ పురి. ఎస్టర్ గుంపు తీసి అక్కడ ఒక క్లోరిన్ పెట్టండి, కొలెస్టెరైల్ క్లోరైడ్ అవుతుంది. కుడి పురి! వలయాలన్నీ అవే, తోకా అదే. 1960లలో క్లోరైడ్‌ను, మిరిస్టేట్ అనే ఎస్టర్‌ను తగు పాళ్లలో కలిపి, ఒకానొక ఉష్ణోగ్రత దగ్గర పురి పూర్తిగా విచ్చుకొని నెమాటిక్ అయిపోవడం చూపించారు. రంగుపోయిన_స్లైడు గారు శుక్రవారం చేసిన ప్రయోగం అదే, కాకపోతే వాళ్లు తెలిసి చేశారు.

అసలు కైరల్ కార్బన్ ఒక్కటి కూడా లేని డోపెంట్లు వీటన్నిటికన్నా బలమైనవి. బైనాఫ్తైల్ అని రెండు పెద్ద పలకలను ఒక బంధంతో అతికించినట్టుండే అణువులు. పలకలు ఒకే తలంలో ఉండలేవు, ఒకదానికొకటి అడ్డం తగులుతాయి, కాబట్టి కోణంలో నిలబడతాయి. ఆ కోణమే కైరాలిటీ. వీటిలో వంద దాటిన శక్తి ఉన్నవీ ఉన్నాయి. అంటే మీ ఆకుపచ్చకు మూడు శాతం చాలు. అణువు మొత్తమే ఒక మెలిక, తిరగడానికి స్వేచ్ఛ లేదు, నెమాటిక్ వరసలో చక్కగా ఒదుగుతుంది. తమాషా ఏమిటంటే రెండు పలకల మధ్య కోణం 90 డిగ్రీలకన్నా తక్కువైతే ఒక వైపు, ఎక్కువైతే ఇంకో వైపు. ఆర్ అన్న లేబుల్ మారదు, పురి మారిపోతుంది. తొంభై దగ్గర దాదాపు ఏమీ ఉండదు.

ఎన్ని కేంద్రాలున్నాయని కాదు చూడాల్సింది. అది ఎక్కడ కూర్చుంది, ఎంత కదలకుండా కూర్చుంది, పక్కవాడికి ఎంత తగులుతోంది. అంతే.

పురికొస · మంగళవారం, రాత్రి 9:50

తాడు లాగే పోటీ ఉదాహరణతో నాకు పూర్తిగా అర్థమైంది. పడుకుంటాను.

ప్యానెల్_మెకానిక్ · బుధవారం, ఉదయం 4:35

(తైవాన్ నుంచి, నైట్ షిఫ్ట్.) మా దగ్గర దీనికి పూర్తిగా అవతలి కొస వ్యవహారం. పాత కాలిక్యులేటర్, గడియారం డిస్‌ప్లేల్లో అణువులు అయిదారు మైక్రాన్ల మందంలో పావు చుట్టు తిరగాలి. గాజు పలకల మీద రుద్దిన దిశలు చెప్పేది 90 డిగ్రీలు తిరగమని మాత్రమే. ఎడమకా, కుడికా అన్నది చెప్పవు. కైరల్ ఏమీ కలపకపోతే కొన్ని చోట్ల ఎడమకు, కొన్ని చోట్ల కుడికి తిరిగి, మధ్యలో సరిహద్దు గీతలు, మచ్చలు వస్తాయి. అందుకే చిటికెడు డోపెంట్ వేస్తారు. పిచ్ 80 మైక్రాన్లు చాలు. ఎస్811 అయితే వెయ్యింటికి ఒక వంతు. అంత తక్కువలో కూడా పక్షపాతం చూపిస్తుంది!

కొత్తలో ఒకసారి నేను పని చేసిన చోట రెండు బ్యాచ్‌ల ద్రవం కలిపేశారు. ఒకదానిలో ఎడమ డోపెంట్, ఒకదానిలో కుడి. ప్యానెళ్ల నిండా చిరుతపులి మచ్చలు. రెండు రోజులు రుద్దే యంత్రాన్ని తిట్టాం పాపం.

జీడిమెట్ల_కెమిస్ట్ · బుధవారం, ఉదయం 6:45

రేసిమిక్ (ఎడమ, కుడి రకాలు సమానంగా కలిసిన) మిశ్రమం చేసినట్టే. మా దగ్గర ఇలాంటిది జరిగితే ఆడిట్ వాళ్లు ఇంటికి పంపిస్తారు.

ఫెర్రోఎలక్ట్రిక్ (తమంతట తామే విద్యుత్ ధ్రువం ఉండే) ద్రవ స్ఫటికాలు అని వింటుంటాం కదా, వాటికీ ఈ బేసి సరి లెక్కలేనా?

పాత_పోలరైజర్ · బుధవారం, ఉదయం 8:30

అక్కడ ఇంకో కోరిక కలుస్తుంది: విద్యుత్ ధ్రువం. 1970ల మధ్యలో రాబర్ట్ మేయర్ అనే భౌతికశాస్త్రవేత్త ఒక మాట అన్నాడు: పొరలుగా ఉండి, పొరలో అణువులు ఏటవాలుగా ఉండి, పైగా కైరల్ అయితే, ప్రతి పొరలోనూ పక్కకు ఒక విద్యుత్ ధ్రువం తప్పనిసరిగా మిగలాలి అని. సౌష్ఠవం తప్ప ఇంకే ఆధారమూ లేకుండా చెప్పాడు. 1975లో ఫ్రాన్స్‌లోని ఓర్సే కెమిస్టులతో కలిసి డోబాంబీసీ అనే అణువుతో చూపించాడు కూడా. దాని తోకలో కైరల్ భాగం మన సీబీ15లో ఉన్నదే, 2-మిథైల్‌బ్యూటైల్.

ధ్రువం వచ్చింది, చాలా చిన్నది. ఎందుకంటే బలమైన ద్విధ్రువం కార్బొనైల్ దగ్గర ఉంది, కైరల్ కొమ్మ దానికి దూరంగా ఉంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినరు. ద్విధ్రువం దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతూ ఉంటుంది, సగటు దాదాపు సున్నా. కైరల్ కార్బన్ మీదే క్లోరిన్ పెట్టినప్పుడు ధ్రువం బాగా పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు ద్విధ్రువం, కైరల్ కేంద్రం ఒకే చోట ఉన్నాయి. కైరల్ కార్బన్‌ను కార్బొనైల్ పక్కకు తెచ్చినా అంతే. మన ఎస్811లో ఉన్న 2-ఆక్టైల్ ఎస్టర్ తోకనే ఇంకో గట్టి భాగానికి తగిలిస్తే ఎమ్‌హెచ్‌పీఓబీసీ అవుతుంది. 1989లో జపాన్‌లో ఆంటిఫెర్రోఎలక్ట్రిక్ దశను గుర్తించింది అందులోనే. ఒక పొర అటు వాలితే పై పొర ఇటు వాలుతుంది.

ఇంటర్_ఫిజిక్స్_సార్ · బుధవారం, ఉదయం 10:05

కైరల్ కాని అణువు కూడా పురి తిరగగలదని ఎక్కడో చదివాను. నిజమేనా?

పాత_పోలరైజర్ · బుధవారం, ఉదయం 10:40

నిజమే. సీబీ7సీబీ అని, రెండు సైనోబైఫినైల్ ముక్కల మధ్య ఏడు కార్బన్ల గొలుసు. ఏడు బేసి కాబట్టి అణువు వంగి, కొడవలిలా ఉంటుంది. గొలుసులో ఆరు ఉంటే నిటారు, ఏమీ జరగదు. వంగిన అణువులు పక్కపక్కన పేర్చుకోవాలంటే మెలి తిరగక తప్పదు, పిచ్ సుమారు 8 నానోమీటర్లే. అయితే ఎడమ, కుడి పురి ముక్కలు సమానంగా వస్తాయి. ఏ పక్షమో చెప్పేవాడు లేడు కదా.

పురికొస · బుధవారం, రాత్రి 8:12

ఇదంతా ఇంట్లో చూడటానికి ఏమైనా ఉందా? మా పాపకు చూపిద్దామని.

ప్యానెల్_మెకానిక్ · బుధవారం, రాత్రి 8:40

నుదుటి మీద అంటించే రంగుల థర్మామీటర్ పట్టీ కొనండి, రంగు మారే కొలెస్టెరిక్ రకం. నల్లటి వెనకభాగం ఉంటుంది. చల్లగా ఉంటే ఎరుపు, వేడెక్కితే నీలం. నిప్పు ఎరుపు, మంచు నీలం అనుకునే మన బుర్రకు తిరకాసుగా ఉంటుంది. చల్లబడేకొద్దీ అణువులు పొరలు కట్టే దశకు దగ్గరవుతాయి. పొరలకు మెలిక పడదు. అందుకే పురి విచ్చుకుంటుంది, పిచ్ పొడుగవుతుంది, ఎరుపుకు జరుగుతుంది.

త్రీడీ సినిమా కళ్లద్దాలు ఉంటే ఆ రంగును ఒక కన్ను మూసి ఒకసారి, ఇంకో కన్ను మూసి ఒకసారి చూడండి. ఒక అద్దంలో రంగు మెరుస్తుంది, ఒకదానిలో దాదాపు నల్లగా ఉంటుంది. పురి తిరిగే వైపే తిరిగే వర్తుల ధ్రువణ కాంతిని మాత్రమే అది వెనక్కి పంపుతుంది, రెండోదాన్ని వదిలేస్తుంది. కళ్లద్దాలు తిరగేసి పట్టుకుంటే పని చేయవు, కంటికి పెట్టుకున్నట్టే పట్టుకోవాలి.

సందేహాల_సంచి · బుధవారం, రాత్రి 8:58

చిన్నప్పుడు అగ్గిపెట్టెలో జీనంగి పురుగును పెట్టి తుమ్మాకు వేసేవాళ్లం. ఆ ఆకుపచ్చ మెరుపు కూడా ఇదేనా?

ఇంటర్_ఫిజిక్స్_సార్ · బుధవారం, రాత్రి 9:20

కాదు. జీనంగి రెక్కలది చదునైన పొరల మెరుపు, పురి లేదు. రెండు అద్దాల్లోనూ ఒకేలా కనిపిస్తుంది. కానీ అమెరికా ఖండంలో ఉండే కొన్ని పేడపురుగు జాతి బంధువుల పెంకు అచ్చం కొలెస్టెరిక్, ఎడమ పురి. వాటిలో ఒకదాని మెరుపు వర్తుల ధ్రువణమని 1911లోనే గుర్తించింది మైకెల్సన్, కాంతి వేగం కొలిచినాయన.

జీడిమెట్ల_కెమిస్ట్ · బుధవారం, రాత్రి 9:45

మా దగ్గర ట్యాబ్లెట్లకు బైండర్‌గా వాడే హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను నీళ్లలో 60 శాతం పైన కలిపితే రంగులు వస్తాయని సెమినార్‌లో విని నవ్వుకున్నాను. ఈ చర్చ చదివాక గిన్నెలో వేసి కలిపి పెట్టాను. ముద్దలా ఉంది, బుడగలు పోవడానికి రెండు రోజులు పట్టేట్టుంది. ఫొటో పెడతాను.

రంగుపోయిన_స్లైడు · గురువారం, సాయంత్రం 6:30

రివ్యూ అయిపోయింది!

నిన్న రాత్రి ల్యాబ్‌లోనే ఉండి రెండు కొత్త స్లైడులు చేశాను. ఒకటి ఎస్811 ఒక్కటే, పాత మిశ్రమంలో మిగిలింది. రెండోది ఈ7లో సీబీ15 ఒక్కటే, 40 శాతం. అది ఏసీ గదిలోనే రంగు చూపిస్తోంది, మీద వేలు పెట్టి కాసేపు ఉంచితే తేటబడిపోతోంది. పోలరైజర్ సార్ చెప్పిన మూల్యం కళ్లారా చూశాను. మా తమ్ముడు సినిమా హాల్లో తిరిగి ఇవ్వకుండా తెచ్చేసిన త్రీడీ కళ్లద్దాలతో చూస్తే, కుడి కన్నుతో ఒక స్లైడు నలుపు, ఎడమ కన్నుతో రెండోది నలుపు. రెండు స్లైడులూ ఒకే రకం పసుపు, రెండు లేబుళ్లూ ఎస్. బయటి నుంచి వచ్చిన మేడమ్ అయిదు నిమిషాలు కళ్లద్దాలు వదల్లేదు.

బేసి సరి నియమం బోర్డు మీద గీసి చెప్పాను. సీహెచ్2 కార్బన్‌ను లెక్కపెట్టడం మరిచిపోయి ఒకసారి తప్పు చెప్పాను, వెంటనే దిద్దుకున్నాను. మా సార్ అడిగింది ఒక్కటే: ఇంతకీ 500 నానోమీటర్లు ఎప్పుడు?

పాత_పోలరైజర్ · గురువారం, రాత్రి 7:15

శభాష్. ఎస్811 కొత్త సీసా రాగానే 29 శాతం వేయండి. 11 × 0.29 = 3.19, పిచ్ 0.313, గుణకం 1.6తో 500. తూకం వేసేటప్పుడు ఫ్యాన్ ఆపండి. మిశ్రమాన్ని తేటబడేదాకా వేడి చేసి బాగా కలిపాకే చుక్క వేయండి, లేకపోతే స్లైడు మీద ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట పసుపు వస్తుంది.

రంగుపోయిన_స్లైడు · గురువారం, రాత్రి 7:21

సీసా ఆర్డర్ పెట్టాం సార్. ఈసారి లేబుల్ మీద ఎస్ ఉందో లేదో కాదు, కైరల్ కార్బన్ మూడో పరమాణువు దగ్గరుందో రెండో పరమాణువు దగ్గరుందో చూసి మరీ పెట్టాను.